మందు మొదలుపెట్టాక మనసు కుదుటపడేలోగా

పాఠకుల ప్రశ్నలకు మానసిక వైద్యుల సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి అడుగుతున్నాయి. ఆందోళనకో, వద్దన్నా వచ్చిపడే ఆలోచనలకో యాంటీ డిప్రెసెంట్ మాత్రలు మొదలుపెట్టారు. గుణం ఎప్పుడు కనిపిస్తుందో తెలియక ఎదురుచూస్తున్నారు. అందువల్ల ఆ నాలుగింటినీ ఒకచోట చేర్చాను. ఉత్తరాలను కుదించాను, రాసినవారిని గుర్తుపట్టే వివరాలు తీసివేశాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 32 ఏళ్లు, నాలుగేళ్ల పాప ఉంది. కొన్ని నెలలుగా గుండెదడ, నిద్రలేమి. వీటికి తోడు, నా చేతులతో నేనే పాపను ఏమైనా చేస్తానేమోనన్న ఆలోచన ఉన్నట్టుండి వచ్చి వణికిస్తోంది. కత్తులన్నీ అందనంత ఎత్తులో పెట్టించాను. పాపకు స్నానం చేయించడం మా అత్తగారికి అప్పగించాను. సైకియాట్రిస్టు గారి దగ్గరకు వెళ్లినప్పుడు దడ, నిద్ర సంగతి చెప్పాను గానీ ఈ ఆలోచన గురించి నోరు విప్పలేకపోయాను. ఆయన ఎస్సిటలోప్రాం వారం రోజులు 5 మిల్లీగ్రాములు, ఆ తర్వాత 10 మిల్లీగ్రాములు వేసుకోమన్నారు. మూడు వారాలైంది. మొదటి వారం దడ రెట్టింపైంది, కడుపులో వికారం. ఇప్పుడు నిద్ర కొంచెం నయం, కానీ ఆలోచన పోలేదు. రోజూ కళ్లు తెరవగానే అది ఉందా పోయిందా అని వెతుక్కుంటాను. కత్తి చేతిలోకి తీసుకుని, ఆలోచన వస్తుందేమో చూసుకుంటాను. ‘నేను అలాంటిదాన్ని కాదు కదా’ అని మావారిని రోజుకు ఎన్నిసార్లు అడుగుతానో లెక్కలేదు. ఈ మందు నాకు పనిచేయనట్టేనా?

జవాబు: పనిచేయదని తేల్చే సమయం ఇంకా రాలేదు. మొదటి వారం 5 మిల్లీగ్రాములు ఇచ్చింది శరీరానికి మందు అలవాటు కావడానికి. కాబట్టి అసలు మోతాదు మీద మీరు గడిపింది రెండు వారాలే. డిప్రెషన్‌లోనూ, సాధారణ ఆందోళనలోనూ ఈ మందుల ప్రభావం 2 నుంచి 6 వారాల్లో తెలుస్తుంది. మీ ఉత్తరం చదివాక నాకు తోస్తున్న ఓసీడీలో (వద్దన్నా వచ్చిపడే ఆలోచనలు, వాటిని అణచుకోవడానికి పదేపదే చేసే పనులు ఉండే జబ్బు) మాత్రం 8 నుంచి 12 వారాలు పడుతుంది, చాలామందికి మోతాదు కూడా ఎక్కువే కావాలి. చూడకుండా జబ్బు పేరు ఖాయం చేయడం తగదు గనుక ఇది నా అనుమానంగానే తీసుకోండి. అయితే ఈ అనుమానానికి కూడా అవకాశం లేకుండా మీ డాక్టరు గారు మందు రాశారు, ఎందుకంటే అసలు విషయం ఆయనకు తెలియదు. దడకూ నిద్రలేమికీ సరిపడా మందు ఇచ్చి, దాని నుంచి ఆయన ఎరగని జబ్బుకు ఫలితం ఆశిస్తున్నాం. తర్వాతిసారి వెళ్లినప్పుడు నోటితో చెప్పలేకపోతే, నాకు రాసిన వాక్యాలనే ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. ఇటువంటి ఆలోచనలు మానసిక వైద్యులకు కొత్త కాదు. తల్లుల నుంచి, తండ్రుల నుంచి, పసిపిల్లలను చూసుకునే ఇతరుల నుంచి మేము తరచుగా వినేవే.

మొదటి వారం దడ పెరగడం గురించి. ఎస్సిటలోప్రాం, సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్, ఫ్లూవాక్సమిన్ ఒకే కుటుంబానికి చెందిన మందులు. మెదడులో నాడీకణాలు సెరటోనిన్ అనే రసాయనాన్ని విడుదల చేసి, పని అయ్యాక తిరిగి లోపలికి తీసుకుంటాయి. ఈ మందులు ఆ తిరిగి తీసుకోవడాన్ని అడ్డుకుంటాయి. ఈ అడ్డుకోవడం మొదటి మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే మొదలవుతుంది. మరి గుణానికి వారాలెందుకు? బయట సెరటోనిన్ పెరిగిందని గ్రహించగానే, దాన్ని విడుదల చేసే కణాలు తమపై ఉన్న గ్రాహకాల (రసాయనాన్ని పసిగట్టే భాగాల) సాయంతో తమ ఉత్పత్తిని తామే తగ్గించుకుంటాయి. రెండు మూడు వారాలు గడిచేసరికి ఆ గ్రాహకాల చురుకుదనం తగ్గి, కణాలు మళ్లీ మునుపటి వేగం అందుకుంటాయి. ఆ తర్వాత కణాల మధ్య అనుసంధానాల్లో నెమ్మదిగా మార్పులు వస్తాయి. ఆలస్యానికి ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఇచ్చే వివరణ ఇదే, అయినా పూర్తి కథ ఇంతేనని ఎవరూ అనరు. ఈ నెమ్మది మార్పులకు ముందే పేగుల మీద, నిద్ర మీద, ఉలికిపాటు మీద మందు ప్రభావం పడుతుంది. అందువల్ల ముందు వికారం, తలనొప్పి, విరేచనాలు, చిరాకు, దడ వస్తాయి. మేలు వెనకాల వస్తుంది. వీటిలో చాలావరకు ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి. ఈ వరుసను మొదటి రోజే చెప్పకుండా చీటీ రాసి పంపించడం మా వృత్తిలో ఉన్న పెద్ద లోపమని నా అభిప్రాయం. ఆ ఒక్క మాట వినకపోవడం వల్ల రెండో వారంలోనే మాత్రలు పక్కన పడేసేవారు ఎందరో.

ఇక మీరు నిజంగా పట్టించుకోవలసిన విషయానికి వస్తాను. మీరు మందు ఫలితం కోసం ఎదురుచూస్తున్నారనుకుంటున్నారు గానీ, ఆ ఎదురుచూపును జబ్బు తన పనికి వాడుకుంటోంది. ఉదయం లేవగానే ఆలోచన ఉందా అని వెతకడం, కత్తి పట్టుకుని పరీక్షించుకోవడం, భర్త నోట భరోసా మాట వినడం, ఇవి మూడూ పైకి జాగ్రత్తల్లా కనిపించే తంతులు. చేసిన కాసేపు ఊరట ఉంటుంది. ఆ ఊరట వల్లనే మెదడు ఆ ఆలోచనను నిజమైన ప్రమాదంగా నమోదు చేసుకుని, మళ్లీ గుర్తుచేస్తుంది. పైగా ‘ఆ ఆలోచన ఉందా?’ అని వెతకాలంటే ముందు దాన్ని తలచుకోక తప్పదు, కాబట్టి వెతికిన ప్రతిసారీ అది దొరుకుతుంది. పుండు మానుతోందా అని గంటగంటకూ కట్టు విప్పి చూసుకుంటే అది ఎన్నటికి మానుతుంది?

కాబట్టి గుణాన్ని కొలిచే కొలమానం మార్చుకోండి. ఆలోచన పూర్తిగా రాకుండా పోవడం కొలమానం కాదు, అది ఎవరికీ సాధ్యమయ్యేది కూడా కాదు. రాక్‌మన్, డి సిల్వా అనే మనస్తత్వవేత్తలు 1978లో ప్రచురించిన అధ్యయనంలో, ఏ మానసిక జబ్బూ లేని మామూలు మనుషులను అడిగితే వారిలో దాదాపు 80 శాతం మంది తమకూ ఇటువంటి అవాంఛిత ఆలోచనలు వస్తాయని చెప్పారు. ఎవరినో తోసేస్తామేమో, అనకూడని మాట అనేస్తామేమో, హాని చేస్తామేమో అన్నవే. ఆలోచనల్లోని విషయానికి వస్తే, రోగులకూ వారికీ పెద్ద తేడా లేదు. ఎంత తరచుగా వస్తున్నాయి, ఎంతసేపు ఉంటున్నాయి, ఎంత బాధపెడుతున్నాయి, వాటిని వదిలించుకోవడానికి ఎంత పాటుపడుతున్నారు అన్నవాటిలోనే తేడా అంతా. మందు పనిచేసేది కూడా ఈ నాలుగు చోట్లే. ఓసీడీ తీవ్రతను కొలిచేందుకు 1989 నుంచి వాడుకలో ఉన్న యేల్-బ్రౌన్ కొలమానంలో 40 మార్కులుంటాయి. చికిత్సకు ముందు వచ్చిన మార్కుల్లో 35 శాతం తగ్గితే మందు పనిచేసినట్టు పరిశోధకులు లెక్కిస్తారు. అంటే శాస్త్రం దృష్టిలో ‘పనిచేసింది’ అన్న మాటకు, ఆలోచన మాయమైందని అర్థం కాదు.

ఆచరణలో ఇది ఎలా కనిపిస్తుందో చెబుతాను. మొదట నిద్ర, ఆకలి మెరుగవుతాయి. మీకు నిద్ర నయమైందంటే ఆ మొదటి మెట్టు ఎక్కారన్నమాట. తర్వాత, పాప తల దువ్వుతుండగా ఆలోచన వస్తుంది, ఒళ్లు ఝల్లుమంటుంది, అయినా చేతిలోని దువ్వెన ఆగదు. రెండో జడ వేసి, రిబ్బను ముడి వేశాక గానీ ఆలోచన వచ్చిన సంగతి గుర్తుకు రాదు. మరికొన్నాళ్లకు భర్తను అడగకుండా ఒక సాయంత్రం గడిచిపోతుంది, ఆ విషయం మీకంటే ముందు ఆయనే గమనిస్తారు. బాగుపడటం సరళరేఖలో సాగదు. నాలుగు రోజులు తేలికగా ఉండి, ఐదో రోజు మొదటికొచ్చినట్టు అనిపిస్తుంది. నెలసరి ముందు రోజుల్లో, నిద్ర చాలని రాత్రుల తర్వాత ఇది మరీ మామూలు. అందుకే రోజువారీ డైరీ వద్దంటాను. వారానికి ఒకసారి, ఒకే రోజున, రెండు మూడు వాక్యాలు రాసుకుంటే చాలు: ఏ పనులు మళ్లీ చేయగలుగుతున్నాను, ఏవి ఇంకా తప్పించుకుంటున్నాను. ఆలోచన ఎన్నిసార్లు వచ్చిందో లెక్క రాయకండి.

ఈ వారాలను ఊరికే పోనివ్వనక్కరలేదు. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అనే పద్ధతిలో శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టు దొరికితే మందుతో పాటే మొదలుపెట్టండి. భయపెట్టే సందర్భానికి మెట్లు మెట్లుగా దగ్గరవుతూ, అలవాటైన తంతును మాత్రం చేయకుండా ఉండటం ఇందులోని కీలకం. మీరు కత్తి పట్టుకుని చూసుకోవడానికీ దీనికీ పోలిక లేదు. మీరు ఆలోచన రాలేదన్న నిశ్చయం కోసం పట్టుకుంటున్నారు, అక్కడ నిశ్చయం లేకుండానే కూరగాయలు తరగడం నేర్పిస్తారు. మీ వారికి ఒక మాట. ఆమె అడిగిన ప్రతిసారీ ‘నువ్వు అలాంటిదానివి కాదు’ అని చెప్పడం ప్రేమతోనే అయినా, దానితో ఆమె మళ్లీ అడగవలసిన అవసరం పెరుగుతుంది. ‘నీకు ఇప్పుడు చాలా భయంగా ఉందని తెలుస్తోంది, దీనికి సమాధానం చెప్పకూడదని మనం అనుకున్నాం కదా’ అని పక్కన కూర్చోండి. ఇద్దరూ ముందే మాట్లాడుకుని ఈ ఒప్పందానికి రావాలి. చెప్పాపెట్టకుండా మాట ఆపేస్తే అది శిక్షలా ఉంటుంది.

ఆలోచనకు మీరు భయపడుతున్నారు, అసహ్యించుకుంటున్నారు, దాని నుంచి పాపను కాపాడటానికి ప్రయత్నిస్తున్నారు. ఓసీడీ లక్షణం అదే. అలా కాకుండా, హాని చేయమని ఎవరో చెబుతున్నట్టు వినిపించినా, అలా చేయడమే మంచిదని ఎప్పుడైనా అనిపించినా, అది వేరే పరిస్థితి. క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. విపరీతమైన ఆందోళన అని చూపిస్తే ఫ్లూఆక్సెటిన్ ఇచ్చారు. పది రోజులైంది. అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేడు, రాత్రంతా గదిలో అటూ ఇటూ తిరుగుతాడు, ‘ఇలా ఉండేకంటే లేకపోవడమే మేలు’ అంటున్నాడు. కొన్ని వారాలు ఓపిక పట్టాలని అందరూ చెబుతున్నారు. పట్టమంటారా?

జవాబు: వద్దు. ఈ ఉత్తరానికి పత్రిక అచ్చయ్యేదాకా ఆగకుండా విడిగా సమాధానం పంపాను. ఇటువంటి పరిస్థితిలో ఉన్న ఇతరుల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. ఓపిక పట్టవలసింది వికారానికి, తలనొప్పికి, కొద్దిపాటి దడకు. కాలు నిలవనివ్వని అశాంతి, అంతకు ముందు లేని చావు మాటలు, విపరీతమైన కోపం కనిపిస్తే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆయన దొరకకపోతే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. పిల్లల్లో, కౌమారుల్లో ఈ మందులు మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో మందుల సమాచార పత్రాల్లో నల్లగీతల చట్రంలో హెచ్చరిక వేయించింది, 2007లో ఆ హెచ్చరికను 24 ఏళ్ల వయసు దాకా విస్తరించింది. మందు చెడ్డదని దీని అర్థం కాదు. మొదటి వారాల్లోనూ, మోతాదు మార్చినప్పుడూ దగ్గరుండి కనిపెట్టాలని అర్థం. అబ్బాయిని ఒంటరిగా వదలకండి, మాత్రలన్నీ మీ స్వాధీనంలో ఉంచుకోండి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటపడుతుంది. నిద్ర లేకపోయినా అలసట లేకుండా, అతిగా మాట్లాడుతూ, పెద్ద పెద్ద పథకాలు వేస్తున్నట్టయితే అది కూడా చెప్పండి. బైపోలార్ జబ్బు (ఉత్సాహం హద్దు మీరే ఉన్మాద దశలు, కుంగుబాటు దశలు వచ్చే జబ్బు) ఉన్నవారిలో ఈ మందులు ఉన్మాద దశను రేపగలవు, అప్పుడు చికిత్సే మారిపోతుంది. ఇంట్లో ఎవరికైనా బైపోలార్ ఉంటే ఆ సంగతీ దాచవద్దు.

ప్రశ్న: నాకు సెర్ట్రలిన్‌తో పాటు క్లోనజెపాం కూడా రాశారు. రెండోది వేసుకున్న గంటలో ప్రాణం లేచొస్తుంది, మొదటిది వేసుకుంటే ఏమీ తెలియదు. అలాంటప్పుడు పనిచేసేదే వేసుకుంటే సరిపోదా?

జవాబు: ప్రశ్నలో తర్కం ఉంది, అందుకే చాలామంది ఆ దారినే పోతారు. క్లోనజెపాం, లొరజెపాం, అల్ప్రజోలాం మెదడును నిదానింపజేసే గాబా అనే వ్యవస్థ మీద పనిచేస్తాయి కాబట్టి ఫలితం అప్పటికప్పుడే తెలుస్తుంది. సెర్ట్రలిన్ పుంజుకునేదాకా ఆసరాగా, సాధారణంగా 2 నుంచి 4 వారాలు మించకుండా ఇస్తారు. అంతకు మించి సాగితే శరీరం అలవాటు పడి, అదే ఊరటకు మరింత మందు కావాల్సి వస్తుంది, మానాలంటే కష్టమవుతుంది. అవాంఛిత ఆలోచనల మూలం మీద వీటి ప్రభావం అంతంతమాత్రమే. భయం దానంతటదే తగ్గుతుందని మనసు తెలుసుకోవలసిన వేళ మాత్ర వేసి దాన్ని అణిచేస్తే, ఆ తెలుసుకోవడం జరగదు. ఇది వేసుకున్నప్పుడు మద్యం ముట్టకూడదు. మగతగా ఉంటే వాహనం నడపకూడదు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు ఈ జవాబు చదివి ఒక్కసారిగా ఆపేయకండి, మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది; డాక్టరు పర్యవేక్షణలో కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

ప్రశ్న: నేను ఓసీడీకి సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములు 12 వారాలుగా క్రమం తప్పకుండా వేసుకుంటున్నాను. దడ తగ్గింది, ఆలోచనలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇంకా ఎన్నాళ్లు ఎదురుచూడాలి?

జవాబు: ఇదే మోతాదు మీద ఇంకా ఎదురుచూడటంలో అర్థం లేదు. పన్నెండు వారాల గడువు అనేది తగిన మోతాదులో వాడినప్పటి లెక్క. అందులో కనీసం 4 నుంచి 6 వారాలు శరీరం తట్టుకోగలిగిన గరిష్ఠ మోతాదు మీద గడవాలి. సెర్ట్రలిన్‌ను 200 మిల్లీగ్రాముల దాకా పెంచే వీలుంది. కాబట్టి మీ విషయంలో మందు ఓడిపోలేదు, దానికి పూర్తి అవకాశమే రాలేదు. మీ డాక్టరు గారు దడ తగ్గిందని విని అక్కడే ఆపి ఉండవచ్చు. ఆలోచనలు, తంతులు రోజుకు ఎన్ని గంటలు తినేస్తున్నాయో ఆయనకు వివరంగా చెప్పండి.

పెంచినా గుణం లేకపోతే దారులు మూసుకుపోవు. ఇదే కుటుంబంలోని మరో మందుకు మారవచ్చు. ఒకటి పనిచేయని మనిషికి ఇంకొకటి పనిచేయడం మేము తరచుగా చూసేదే. వీటికంటే పాతదైన క్లోమిప్రమిన్ ఉంది. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, గుండె లయ మీద ప్రభావం వంటి ఇబ్బందుల వల్ల దాన్ని మొదట వాడరు, వాడేముందు ఈసీజీ తీయించడం మంచిది. రిస్పెరిడోన్‌నో అరిపిప్రజోల్‌నో తక్కువ మోతాదులో జతచేయడం మరో మార్గం. వీటన్నిటికంటే ముందు, ఎక్స్‌పోజర్ పద్ధతి థెరపీ ఇప్పటిదాకా చేయించుకోకపోతే దాన్ని మొదలుపెట్టాలి. మందు ఒక్కటే వాడినవారికంటే రెండూ కలిపినవారు ఎక్కువ మెరుగుపడతారు.

మందు మార్చే తొందరలో ఇప్పటిదాన్ని మీ అంతట మీరు ఆపవద్దు. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టనిపించడం, చిరాకు, పీడకలలు వస్తాయి, వాటిని చూసి జబ్బు తిరగబెట్టిందని పొరబడతారు. ఒక పూట మరచిపోతే అదే రోజు గుర్తుకొచ్చినప్పుడు వేసుకోండి, తర్వాతి మాత్రకు సమయం దగ్గరపడితే వదిలేయండి. రెండూ కలిపి వేసుకోకూడదు. నొప్పులకు ఐబుప్రోఫెన్ వంటివి గానీ, ట్రమడోల్ గానీ వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి: మొదటి రకం వల్ల కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది, రెండోది సెరటోనిన్‌ను ప్రమాదకరంగా పెంచగలదు. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మందు మొదలుపెట్టిన తేదీ, మోతాదు మారిన తేదీలు, మధ్యలో మానేసిన రోజులు ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. మోతాదు పెంచాలా, మందు మార్చాలా అన్న నిర్ణయం చాలావరకు ఆ తేదీల మీదే ఆధారపడుతుంది.